‘అన్నీ చేయమంటారా?’ అనే ప్రశ్న ఎందుకు పనికిరాదు: తీవ్ర జబ్బులో డాక్టర్లు, రోగులు, కుటుంబాల మధ్య మాటలు ఎక్కడ తప్పుతున్నాయి

ఐసీయూ తలుపు దగ్గర నిలబడి డ్యూటీ డాక్టర్ అడుగుతారు: "మీ నాన్నగారి కండిషన్ సీరియస్‌గా ఉంది. ఏదైనా జరిగితే అన్నీ చేయమంటారా?" కొడుకు తడుముకోకుండా "చేయండి సార్, ఏమేం ఉంటే అవన్నీ చేయండి" అంటాడు. అర నిమిషంలో మాట అయిపోతుంది. కేస్ షీట్‌లో ‘కుటుంబం పూర్తి చికిత్స కోరుతోంది’ అని పడుతుంది.

డాక్టర్ లెక్కలో ‘అన్నీ’ అంటే గుండె ఆగితే ఛాతీ మీద నొక్కడం, షాక్ ఇవ్వడం, గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టడం. కొడుకుకు వినిపించింది అది కాదు. ‘మీ నాన్నను కాపాడమంటారా, వదిలేయమంటారా?’ అని వినిపించింది. అలా వినపడ్డాక ఏ బిడ్డయినా ఇంకేం జవాబు చెబుతాడు? లోపల మంచం మీద ఉన్న మనిషికి ఏం కావాలో మాత్రం ఈ ఇద్దరికీ తెలియదు. మూడు వారాల కింద, ఆయనకు మాట్లాడే ఓపిక ఉన్నప్పుడు, ఎవరూ అడగలేదు.

ఈ పొరపాటుకు డాక్టర్‌కు మనసు లేకపోవడమో, కుటుంబానికి అవగాహన లేకపోవడమో కారణమనుకుంటే అసలు సంగతి పట్టుబడదు. ఆ సంభాషణ జరగాల్సిన సమయంలో జరగలేదు, అడగాల్సిన మనిషిని అడగలేదు, ప్రశ్న కూడా సరైనది కాదు. ఈ మూడింటినీ విడివిడిగా చూడాలి.

## ముందుగా, తరచూ కలగాపులగమయ్యే కొన్ని మాటలు

తీవ్ర అనారోగ్యం అంటే చావు దగ్గరపడిందని కాదు. ప్రాణాపాయం ఎక్కువగా ఉండి, రోజువారీ పనులను కూడా దెబ్బతీసే జబ్బు అని. ముదిరిన క్యాన్సర్, గుండె వైఫల్యం, సీఓపీడీ (ఊపిరితిత్తులను క్రమంగా దెబ్బతీసి ఆయాసం తెచ్చే జబ్బు), చివరి దశ కిడ్నీ జబ్బు, డిమెన్షియా (జ్ఞాపకశక్తిని, ఆలోచనను హరించే జబ్బు) ఈ కోవలోకి వస్తాయి. వీటితో కొందరు ఏళ్ల తరబడి బతుకుతారు.

ప్రోగ్నోసిస్ అంటే జబ్బు ఇకముందు ఎలా నడుస్తుందన్న అంచనా. ఎంతకాలం బతుకుతారన్నది అందులో ఒక ముక్క మాత్రమే. తనంతట తాను బాత్రూముకు వెళ్లగలరా, మనుషులను గుర్తుపడతారా, ఎన్నిసార్లు ఆసుపత్రిలో చేరాల్సి రావచ్చు అన్నవీ అందులోవే. చాలామంది రోగులకు నెలల లెక్కకన్నా వీటి గురించే దిగులు ఎక్కువ.

పాలియేటివ్ కేర్ అంటే నొప్పి, ఆయాసం, వాంతులు, ఆందోళన లాంటి బాధలను తగ్గించే వైద్యం. ఇది చికిత్స ఆపాక మొదలయ్యేది కాదు. కీమోథెరపీతోపాటు, డయాలసిస్‌తోపాటు నడుస్తుంది. జబ్బును అదుపు చేసే ప్రయత్నాలు విరమించాక, చివరి రోజులకోసం ఉండే సేవ హాస్పిస్. ఈ రెండూ ఒకటేననుకోవడం వల్ల ‘పాలియేటివ్ వాళ్లను పిలుస్తాం’ అనగానే కుటుంబం బెంబేలెత్తిపోతుంది.

ముందస్తు సంరక్షణ ప్రణాళిక అంటే, రేపు మాట్లాడలేని స్థితి వస్తే ఎలాంటి చికిత్స కావాలో, తన తరఫున ఎవరు మాట్లాడాలో రోగి ముందే చెప్పి రాయించి ఉంచడం.

## ‘మందు ఉంది’ అంటే ‘తగ్గుతుంది’ అని వినపడుతుంది

ఆసుపత్రి భాషలో కొన్ని మాటలు రోగి చెవికి చేరేసరికి తలకిందులవుతాయి. ‘బయాప్సీ పాజిటివ్’ అంటే అక్కడ క్యాన్సర్ కణాలున్నాయని అర్థం. ఇంట్లోవాళ్లకు పాజిటివ్ అంటే మంచిది. ‘జబ్బు ప్రోగ్రెస్ అవుతోంది’ అంటే ముదురుతోందని. విన్నవాళ్లు పరిస్థితి మెరుగవుతోందనుకుంటారు. ఐసీయూలో ‘స్టేబుల్‌’ అంటే నిన్నటికంటే దిగజారలేదని మాత్రమే, గండం గడిచిందని కాదు. ‘కీమోకు రెస్పాన్స్ బాగుంది’ అంటే గడ్డ చిన్నదైందని, జబ్బు పోతుందని కాదు.

అన్నిటికన్నా చిక్కు తెచ్చేది ‘దీనికి మందు ఉంది’ అన్న మాట. డాక్టర్ చెబుతున్నది అదుపు చేయగల మందు గురించి. రోగి వింటున్నది నయం చేసే మందు గురించి. 2012లో అమెరికాలో, శరీరంలో ఇతర చోట్లకు పాకిన క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్న 1,193 మందిపై వెలువడిన అధ్యయనంలో, ఆ కీమో తమను నయం చేసే అవకాశం లేదని గ్రహించనివారు ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్లో 69 శాతం, పెద్దపేగు క్యాన్సర్ రోగుల్లో 81 శాతం. అందులోనే ఇంకో ఫలితం మనసును కలచివేస్తుంది. తమ డాక్టర్ బాగా మాట్లాడతారని ఎక్కువ మార్కులు వేసినవాళ్లలోనే ఈ అపోహ ఎక్కువగా ఉంది. అంటే ఆప్యాయంగా మాట్లాడడం, అర్థమయ్యేలా చెప్పడం వేర్వేరు నైపుణ్యాలు. మొదటిది ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్టు కాదు.

## డాక్టర్ల నోట ఆ మాట ఎందుకు రాదు

క్యాన్సర్ అని రోగికి చెప్పకపోవడమే మర్యాద అనుకున్న కాలం మరీ పాతది కాదు. అమెరికాలో 1961 నాటి సర్వేలో దాదాపు 90 శాతం డాక్టర్లు చెప్పకపోవడమే మంచిదన్నారు. 1979లో వెలువడిన సర్వేలో అదే ప్రశ్న అడిగితే 97 శాతం చెప్పడమే మంచిదన్నారు. పద్దెనిమిదేళ్లలో అభిప్రాయం తిరగబడింది. ఎలా చెప్పాలో నేర్పే శిక్షణ మాత్రం అంత వేగంగా రాలేదు.

పైగా డాక్టర్ల అంచనాలే ఆశవైపు ఒరిగి ఉంటాయి. హాస్పిస్‌లో చేరిన 468 మంది రోగుల ఆయుష్షును వారి డాక్టర్లు ఎలా అంచనా వేశారో 2000లో వెలువడిన ఒక అధ్యయనంలో లెక్కగట్టారు. సరిగ్గా చెప్పినవి 20 శాతమే. 63 శాతం అంచనాలు అసలుకన్నా ఎక్కువ చెప్పాయి. రోగితో పరిచయం ఎక్కువైనకొద్దీ తప్పు కూడా పెరిగింది. ఏళ్లుగా చూస్తున్న మనిషి విషయంలో మనసు ఎటు లాగుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఇక సమయం లేదన్నది ఎప్పుడూ వినిపించే కారణం. అది పూర్తిగా నిజం కాదు. రోగి తన సంగతి చెప్పడం మొదలుపెట్టాక డాక్టర్ మాట మళ్లించడానికి సగటున 23 సెకన్లు పట్టిందని 1999 నాటి ఒక అధ్యయనం తేల్చింది. అడ్డు తగలకుండా వదిలేస్తే రోగులు అదనంగా తీసుకున్నది సగటున 6 సెకన్లు.

మరో కారణం గురించి బయట పెద్దగా మాట్లాడరు: ఇది ఎవరి పని? క్యాన్సర్ డాక్టర్ ఐసీయూవాళ్లు చెబుతారనుకుంటారు. ఐసీయూ డాక్టర్, మొదటినుంచి చూసినవాళ్లే చెప్పి ఉంటారనుకుంటారు. రాత్రి రెండింటికి మందు వేయడానికి వెళ్లిన నర్సు చేయి పట్టుకుని రోగి ‘ఇక నాకు ఓపిక లేదమ్మా’ అంటారు. ఆ మాట ఉదయం రౌండ్స్‌కు చేరే దారి చాలా వార్డుల్లో ఉండదు.

## అడగాలి, చెప్పాలి, మళ్లీ అడగాలి: ఒక సంభాషణ నడిచే తీరు

చెడువార్త చెప్పడానికి 2000లో ప్రచురితమైన ‘స్పైక్స్’ అనే ఆరు మెట్ల పద్ధతి ప్రపంచమంతా నేర్పుతున్నారు. చోటు, ఏర్పాటు చూసుకోవడం, రోగికి ఏం తెలుసో అడగడం, ఎంత తెలుసుకోవాలనుందో అడగడం, విషయం చెప్పడం, ఉద్వేగానికి స్పందించడం, తర్వాతి దారి మాట్లాడడం. బోస్టన్‌లోని ఏరియాడ్నీ ల్యాబ్స్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ తయారుచేసిన సంభాషణ మార్గదర్శిని ఇంకో అడుగు ముందుకెళ్లి, రోగి లక్ష్యాలు, భయాలు, బలమిచ్చే విషయాలు, ఏ సామర్థ్యం లేకుండా బతుకు ఊహించుకోలేరు, మరికొంత కాలంకోసం ఎంతవరకు ఓర్చుకుంటారు అన్న ప్రశ్నలను వరసగా పెట్టింది. పేరు ఏదైనా మూలసూత్రం ఒకటే: చెప్పేముందు అడగాలి, చెప్పాక మళ్లీ అడగాలి.

ఒక ఊహా సందర్భం చూద్దాం. 64 ఏళ్ల మహిళ, ఊపిరితిత్తుల క్యాన్సర్. రెండోరకం మందు వాడుతుండగానే కొత్త స్కాన్‌లో కాలేయంలో మచ్చలు కనిపించాయి. డాక్టర్ నిలబడి కాకుండా, మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఫోన్ సైలెంట్‌లో పెట్టారు.

"అమ్మా, మీ జబ్బు గురించి ఇప్పటిదాకా మీకేం అర్థమైందో మీ మాటల్లో చెప్తారా?"

"ఊపిరితిత్తుల్లో నీరు చేరితే తీశారు. మందు మార్చారు. మార్చాక తగ్గుతుంది కదా అని చూస్తున్నా."

వాస్తవానికీ, ఆమె అనుకుంటున్నదానికీ మధ్య ఎంత దూరం ఉందో ఈ ఒక్క జవాబులో తేలిపోయింది. ఇది అడగకుండా స్కాన్ రిపోర్టు చదివి ఉంటే ఆమెకు సగం కూడా ఎక్కేది కాదు.

"నిన్నటి స్కాన్ గురించి మాట్లాడదామని వచ్చాను. అన్నీ వివరంగా చెప్పమంటారా, ముఖ్యమైనది మాత్రం చెప్పమంటారా?"

"ముఖ్యమైనది చెప్పండి. అమ్మాయి ఉందిగా, వింటుంది."

"మంచి వార్త కాదమ్మా. మందు వాడుతున్నా జబ్బు కాలేయానికి పాకింది. ఈ మందు పనిచేయడం లేదు."

ఇక్కడ ఆగాలి. చాలామంది ఇక్కడే ఆగలేరు. ఆ నిశ్శబ్దాన్ని భరించలేక ‘కానీ ఇంకో మందు ఉంది, దాని పేరు ఫలానా, మూడు వారాలకోసారి...’ అని మొదలుపెడతారు. చెడువార్త తగిలిన మనసుకు ఆ నిమిషంలో వివరాలు ఎక్కవు. మర్నాడు ఆమెకు గుర్తుండేది ‘ఇంకో మందు ఉంది’ అన్నదొక్కటే.

కాసేపటికి ఆమె: "అంటే, నేనిక లేవనా?"

‘అలా అనకూడదు, ధైర్యంగా ఉండాలి’ అన్న జవాబు ప్రేమతోనే వస్తుంది. కానీ దాంతో ఆమె నోరు మూతపడుతుంది, మళ్లీ ఆ ప్రశ్న వేయదు. చూడడానికి ప్రశ్నలా ఉన్నా అది భయం. లెక్కలకన్నా ముందు దాన్ని పలకరించాలి.

"ఇలా జరగకుండా ఉంటే బాగుండునని నాకూ ఉందమ్మా. వినడానికి చాలా కష్టమైన మాట. ఇప్పుడు మీకు అన్నిటికన్నా ఎక్కువ దిగులుగా ఉన్నదేమిటి?"

"ఊపిరాడక పోతానేమోనని. రాత్రిళ్లు అదే భయం. పోవడానికి భయం లేదు, అలా పోవడానికి భయం."

ఇప్పుడు డాక్టర్ చేతికి ఒక పని దొరికింది. ముఖానికి గాలి తగిలేలా చిన్న ఫ్యాన్, ముందుకు వాలి కూర్చునే తీరు, అవసరమైతే తక్కువ మోతాదు మార్ఫిన్, రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలో రాసిన కాగితం: ఆయాసానికి చేయగలిగినవి చాలా ఉన్నాయి. ‘ఇక చేయగలిగిందేమీ లేదు’ అన్న మాట ఎందుకు తప్పో ఇక్కడే కనిపిస్తుంది. క్యాన్సర్‌ను ఆపే మార్గం లేకపోవచ్చు. ఆమె అడిగింది ఊపిరి గురించి.

ఆమెకు ఇంట్లో ఉండడం, తెలివిగా ఉండి అందరినీ గుర్తుపట్టడం ముఖ్యమని ఆ తర్వాతి ప్రశ్నల్లో తేలింది. అప్పుడు డాక్టర్ ఎంపికల జాబితా ముందుపెట్టి ‘మీ ఇష్టం’ అనలేదు. "మీరు చెప్పినదాన్నిబట్టి నా సలహా ఇది. ఆయాసం తగ్గించే మందులు ఇవాళే మొదలుపెడదాం. ఇంటికి వెళ్లే ఏర్పాటు చూద్దాం. గుండె ఆగిపోయే పరిస్థితి వస్తే ఛాతీ మీద నొక్కడం, వెంటిలేటర్ పెట్టడం మీరు కోరుకున్నది తెచ్చిపెట్టవు. అందుకే అవి వద్దని నా అభిప్రాయం. మీరేమంటారు?" అన్నారు. రోగి స్వేచ్ఛను గౌరవించడమంటే సలహా ఇవ్వకపోవడం కాదు. వైద్యం తెలియనివారిమీద వైద్య నిర్ణయం బరువంతా మోపితే, ఆ తర్వాత ఏళ్ల తరబడి ‘నా నోటితోనే వద్దన్నాను’ అని కుమిలిపోయే కొడుకులు, కూతుళ్లు మిగులుతారు.

## ‘ఇంకెంతకాలం?’ అంటే ఒక్క అంకె చెప్పకూడదు

‘ఆరు నెలలు’ అంటే ఆ తేదీ కుటుంబం మనసులో గడువులా నాటుకుపోతుంది. ‘దేవుడికే తెలియాలి’ అంటే వాళ్లు ఏర్పాట్లు చేసుకోలేరు. ముదిరిన క్యాన్సర్‌లో పరిశోధకులు పరీక్షించిన ఒక తేలిక లెక్క మధ్యేమార్గంగా పనికొస్తుంది. దానికి మొదట మధ్యస్థ ఆయుష్షు తెలియాలి. అంటే ఇలాంటి రోగుల్లో సగం మంది అంతకన్నా ఎక్కువ, సగం మంది అంతకన్నా తక్కువ బతికే కాలం.

అది 8 నెలలనుకుందాం. దాన్ని నాలుగో వంతు చేస్తే 2 నెలలు: పదిమందిలో ఒకరు సుమారు ఆలోపే పోవచ్చు. సగం చేస్తే 4, రెట్టింపు చేస్తే 16: దాదాపు సగం మంది ఈ 4 నుంచి 16 నెలల మధ్యలో ఉంటారు. మూడింతలు చేస్తే 24: పదిమందిలో ఒకరు అంతకన్నా ఎక్కువకాలం ఉండవచ్చు. నోటిమాటగా ఇలా వస్తుంది: "మీలాంటివారు పదిమంది ఉంటే ఒకరికి రెండు నెలలే దొరకవచ్చు, ఒకరికి రెండేళ్లు దాటవచ్చు. దాదాపు సగం మందికి నాలుగు నెలలనుంచి పదహారు నెలల లోపు. మీరు ఎటువైపు ఉంటారో చెప్పలేను. బాగా జరగాలని కోరుకుందాం, జరగకపోతే ఏం చేయాలో కూడా అనుకుని ఉంచుదాం." ఆశకూ చోటుంది, వీలునామాకూ చోటుంది.

చివరి దశలో నర్సులు, డాక్టర్లు వాడే ఇంకో కొండగుర్తు: మార్పు నెలనెలకూ కనిపిస్తుంటే నెలలు, వారంవారం కనిపిస్తుంటే వారాలు, రోజురోజుకూ దిగజారుతుంటే రోజులు. గుండె వైఫల్యం, సీఓపీడీలలో మాత్రం ఇది అంత నమ్మకంగా పనిచేయదు. అక్కడ రోగి ఒక్కసారిగా కుంగుతారు, తేరుకుంటారు, మళ్లీ కుంగుతారు. ఏ కుంగుబాటు చివరిదో ముందు తెలియదు.

## ‘అమ్మకు మాత్రం చెప్పకండి’

తలుపు బయట కూతురు డాక్టర్‌ను ఆపి ఈ మాట అంటే దాన్ని అడ్డంకిగా చూడడం తేలిక. కానీ అందరూ అన్నీ తెలుసుకోవాలనే కోరుకుంటారన్నదీ నిజం కాదు. 1995లో వెలువడిన అధ్యయనంలో లాస్ ఏంజెలెస్ ప్రాంతంలోని 800 మంది వృద్ధులను, పాకిన క్యాన్సర్ ఉన్న రోగికి ఆ సంగతి చెప్పాలా అని అడిగారు. ఐరోపా మూలాలున్న అమెరికన్లలో 87 శాతం, ఆఫ్రికన్ అమెరికన్లలో 88 శాతం చెప్పాలన్నారు. మెక్సికన్ అమెరికన్లలో అది 65 శాతం, కొరియన్ అమెరికన్లలో 47 శాతం. అదే సమయంలో, ఆ 47 శాతం మందిలో మీ రోగి ఉన్నారో లేదో ఆవిడను అడగకుండా తెలియదు. జాతినో, కుటుంబాన్నో చూసి ఊహించుకుంటే రెండువైపులా తప్పే జరుగుతుంది.

అనుభవమున్న బృందాలు కూతురుతో వాదనకు దిగవు. "చెబితే ఏమవుతుందని మీ భయం?" అని ముందు అడుగుతాయి. "అమ్మ బెంగపెట్టుకుని తిండి మానేస్తుంది మేడమ్" అన్న జవాబు వస్తే అది నిజమైన భయమే. తర్వాత: "నేనుగా ఏదీ బలవంతంగా చెప్పను. కానీ ఆవిడ నన్ను సూటిగా అడిగితే అబద్ధం చెప్పలేను. ఎంత తెలుసుకోవాలనుందో ఆవిడనే అడుగుతాను, మీరూ పక్కనుండండి." ఆ తర్వాత తల్లి ‘నాకేమీ చెప్పొద్దు, పెద్దదానితో మాట్లాడండి’ అంటే, అదీ రోగి నిర్ణయమే. కేస్ షీట్‌లో అలాగే రాస్తారు. చాలాసార్లు తల్లి ‘నాకు ఎప్పుడో తెలుసు, పిల్లలు దిగులుపడతారని ఊరుకున్నా’ అంటుంది.

## బృందమే నాలుగు మాటలు చెబితే

కిడ్నీ డాక్టర్ వచ్చి, కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష చూసి, ‘క్రియాటినిన్ తగ్గింది, ఇంప్రూవ్‌మెంట్ ఉంది’ అంటారు. అరగంటకు ఐసీయూ డాక్టర్ ‘పరిస్థితి ఏమీ బాగాలేదు’ అంటారు. ఇద్దరూ నిజమే చెప్పారు. ఒకరు అవయవం గురించి, ఒకరు మనిషి గురించి. కుటుంబం మాత్రం ఆశ కలిగించిన మాటనే పట్టుకుంటుంది, రెండో డాక్టర్‌ను అనుమానిస్తుంది.

దీనికి మందు, కుటుంబంతో కూర్చునేముందు బృందం ఐదు నిమిషాలు విడిగా కలవడం. ఎవరు మాట్లాడతారు, ఏ ఒక్క విషయం తప్పకుండా చేరాలి, నర్సు విన్నదేమిటి అన్నవి అప్పుడే తేల్చుకోవాలి. లోపలికి వెళ్లాక కూడా తమ మాటలు తగ్గించుకోవాలి. 2004లో వెలువడిన అధ్యయనంలో ఐసీయూ కుటుంబ సమావేశాలను రికార్డు చేసి చూస్తే కుటుంబానికి దక్కిన సమయం 29 శాతమే. వాళ్లు ఎక్కువగా మాట్లాడిన సమావేశాల్లోనే సంతృప్తి ఎక్కువగా కనిపించింది.

కుటుంబంలోనే అభిప్రాయభేదాలుంటే గడువు పెట్టుకున్న ప్రయత్నం ఉపయోగపడుతుంది: "మూడు రోజులు వెంటిలేటర్ మీద ఉంచి చూద్దాం. ఆక్సిజన్ అవసరం తగ్గుతుందా, బీపీ నిలబెట్టే మందు తగ్గించగలమా, తెలివి వస్తుందా అన్నవి గమనిస్తాం. గురువారం సాయంత్రం మళ్లీ కూర్చుందాం." ఏం చూస్తున్నారో, ఎప్పుడు తేలుస్తారో ముందే చెప్పకపోతే మూడు రోజులు ముప్పయ్యవుతాయి.

## ఇవన్నీ నిజంగా పనిచేస్తున్నాయా?

ఇక్కడ జవాబు సూటిగా లేదు. ఆస్ట్రేలియాలో ముందస్తు ప్రణాళికపై జరిగి, 2010లో ఫలితాలు వెలువడిన పరీక్షలో, చనిపోయినవారిలో చివరి కోరిక తెలిసి పాటించింది ప్రణాళిక ఉన్నచోట 86 శాతం, లేనిచోట 30 శాతం. అదే ఏడాది అమెరికాలో వెలువడిన మరో పరీక్షలో, పాకిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిలో మొదటినుంచీ పాలియేటివ్ కేర్ అందినవారికి కుంగుబాటు తక్కువగా ఉంది, మధ్యస్థ ఆయుష్షు 8.9 నెలల బదులు 11.6 నెలలు వచ్చింది. తర్వాతి పరీక్షలన్నిట్లో ఈ ఆయుష్షు తేడా కనపడలేదు. బతుకు నాణ్యతలో మేలు ఎక్కువసార్లు కనపడింది.

మరోవైపు ఐదు ఆసుపత్రుల్లో జరిగి, 1995లో ఫలితాలు వెలువడిన భారీ ప్రయోగంలో రోగుల కోరికలను, అంచనాలను నర్సుల ద్వారా డాక్టర్లకు అందించినా చికిత్సలో మార్పు రాలేదు. 2013లో వెలువడిన పరీక్షలో, మాట్లాడే తీరుపై శిక్షణ పొందిన జూనియర్ డాక్టర్లు, నర్సుల దగ్గరి రోగులు మాటల నాణ్యత పెరిగిందని చెప్పలేదు, పైగా ఆ రోగుల్లో కుంగుబాటు స్కోరు కాస్త పెరిగింది. ఏరియాడ్నీ మార్గదర్శినిపై 2019లో వచ్చిన ఫలితాల్లో కోరికకు తగిన చికిత్స అందడంలో తేడా తేలలేదు. ఆందోళన, కుంగుబాటు తగ్గాయి, సంభాషణలు ముందే జరిగాయి: మరణానికి 71 రోజుల ముందు బదులు 143 రోజుల ముందు.

అందుకే కొందరు పాలియేటివ్ నిపుణులే 2021నుంచి గట్టిగా అంటున్నారు: ఏళ్ల ముందు ఫారం నింపించడం వృథా, ఆరోగ్యంగా ఉన్నప్పటి కోరిక జబ్బుపడ్డాక మారిపోతుంది, నిర్ణయం అవసరమైన వేళకు మాట్లాడే నైపుణ్యంమీద ఖర్చుపెట్టాలి అని. ఎదుటివాదం: ఆ వేళకు రోగికి తెలివి ఉండకపోవచ్చు, కనీసం తన తరఫున ఎవరు మాట్లాడాలో ముందే తెలిస్తే కుటుంబం నలిగిపోదు అని. రెండు పక్షాల సాక్ష్యాలనూ కలిపి చూస్తే ఫారంకన్నా సంభాషణ విలువైనదని, ఒక్క సంభాషణకన్నా జబ్బు మలుపు తిరిగిన ప్రతిసారీ జరిగేది విలువైనదని నాకనిపిస్తుంది. కానీ అది కేస్ షీట్‌లోకి ఎక్కకపోతే ఎంత మంచి సంభాషణైనా ఆ గదిలోనే ఆగిపోతుంది.

## రాత్రి డ్యూటీ డాక్టర్‌కు అందాల్సిన ఎనిమిది వాక్యాలు

పై ఉదాహరణలోని తల్లి విషయంలో ఆ రాత ఇలా ఉంటుంది: ‘మందు పనిచేయడం లేదని, జబ్బు నయం కాదని రోగికి తెలుసు. కాలం నెలల్లో ఉండవచ్చని చెప్పాం. ప్రధాన భయం ఊపిరాడకపోవడం. ఇంట్లో, మనుషులను గుర్తుపట్టే తెలివితో ఉండడం ముఖ్యమన్నారు. సీపీఆర్ (గుండె ఆగితే ఛాతీ మీద నొక్కడం), వెంటిలేటర్ వద్దన్నారు. ఆయాసానికి పూర్తి చికిత్స కావాలన్నారు. తన తరఫున పెద్ద కూతురు మాట్లాడాలి, ఈ మాటలప్పుడు ఆమె పక్కనే ఉన్నారు. తర్వాతి స్కాన్ అయ్యాక, లేదా మళ్లీ ఆసుపత్రిలో చేరిన వెంటనే, మళ్లీ మాట్లాడాలి.’ ఇది ప్రోగ్రెస్ నోట్ల కుప్పలో ముప్పయ్యో పేజీలో ఉంటే లేనట్టే. రికార్డు తెరవగానే కనపడే ఒకే చోట ఉండాలి.

అప్పుడు మూడు వారాల తర్వాత, అర్ధరాత్రి, ఆమెను ఎప్పుడూ చూడని డ్యూటీ డాక్టర్ కూతురిని అడిగే ప్రశ్న మారుతుంది. "ఆయాసం తగ్గించే మందు ఇప్పుడే ఇస్తున్నాం. మెషీన్లు వద్దని, ఊపిరి ఇబ్బంది లేకుండా చూడమని అమ్మగారు చెప్పినట్టు ఇక్కడ రాసి ఉంది. మీరూ అప్పుడు అక్కడే ఉన్నారట. ఆ తర్వాత ఆవిడ మాట ఏమైనా మారిందా అమ్మా?"